ఆరు గీతల తేడా

మ్యూజియంలో గాజు బీరువాలో పెట్టారా? ఇత్తడిదా, నల్లరంగు వేసిందా? ఇత్తడిదైతే బాగా పాతదన్నమాట. కింద అట్టముక్క మీద ఏమని రాశారు? 'సముద్రముపై కోణములు కొలుచు ప్రాచీన పరికరము'. అంతేనా? ఏ చేత్తో పట్టుకోవాలో, ఏ కన్ను పెట్టాలో, అందులో ఏది కదులుతుందో ఏమీ లేదా? ఇంకేం, చూసినవాడు అదేదో పెద్ద గడియారం లోపలి ముక్క అనుకుని పక్క బీరువా దగ్గరికి వెళ్ళిపోతాడు. కూర్చో. కాళ్ళు చాపుకో, ఇక్కడెవరున్నారు. మా ఇంట్లో అవి గిన్నెలూ గరిటెల్లా ఉండేవి తల్లీ. ఒక గోడంతా అవే. ఓడలవాళ్ళు సెక్స్టెంటు అనేవాళ్ళు, మేం యంత్రం అనేవాళ్ళం. కుట్టుమిషను కూడా ఉండేది గాని దాన్ని యంత్రమంటే మా అత్తగారికి కోపం. చూడు, విసనకర్ర సగం విప్పి పట్టుకున్నట్టు ఉంటుందా? దాని అంచున గీతలు. పైనుంచి ఒక చెయ్యి వేళ్ళాడుతూ ఆ గీతల మీద జరుగుతుంది. ఆ చేతి మీద ఒక అద్దం, చట్రం మీద ఇంకో అద్దం. ఈ రెండోదానికి సగమే పాదరసం పూత, మిగతా సగం ఉత్త గాజు. ఉత్త గాజులోంచి సముద్రం అంచు కనిపిస్తుంది, పూత ఉన్న సగంలో సూర్యుడు కనిపిస్తాడు. చెయ్యి జరుపుతూ పోతే సూర్యుడు మెల్లగా దిగొచ్చి నీళ్ళ అంచున కూర్చుంటాడు. నిజంగా కాదులే, అద్దంలో. అప్పుడు చెయ్యి ఏ గీత మీద ఆగిందో చూసి, లెక్క కట్టి, ఓడ ఎక్కడుందో చెప్తారు. అందులో అతి చిన్న గీత ఒక్కటి తప్పిందా, సముద్రం మీద ఒక మైలు తప్పినట్టే. నీ ఫోనులో నీలం చుక్క చూపిస్తుందే, ఆ పనే. ఆ చుక్క ఒక మైలు పక్కకి జరిగితే నువ్వు పక్క పేటలో ఎవరింటి తలుపో కొడతావు. ఓడ తలుపు కొట్టదు. అంతే తేడా.

ఇదంతా నాకెవరు చెప్పారంటావా? మా అత్తగారే. నువ్వు ఎరగవు, మీ నాన్నకే ఆవిడ చీర రంగు తప్ప ఇంకేం గుర్తులేదు. ఓడలవాళ్ళు ఆవిడని అద్దాలమ్మ అనేవాళ్ళు. రేవు వెనక సందులో మేడ మీద ఈ యంత్రాలు బాగుచేసే కొట్టు, కింద మేం. మామగారు బతికున్నన్నాళ్ళూ ఆయనే చేసేవారు, ఈవిడ పక్కన కూర్చుని తుడిచేది. ఆయన పోయాక 'ఇంకేముంది, కొట్టు మూసేస్తారు' అన్నారందరూ. పదమూడో రోజో పధ్నాలుగో రోజోనట, ఈవిడ మేడెక్కి కిటికీ తెరిచి కూర్చుంది. అంతే. మాటలు తక్కువ మనిషి. నేను కాపురానికొచ్చిన మొదటి నెలలో ఆవిడ నాతో అన్న మాటలు లెక్కపెట్టగలను. 'అమ్మాయ్, తలుపు ధనామని వెయ్యకు.' 'అమ్మాయ్, మెట్లు మెల్లగా ఎక్కు.' ఇవే తిప్పి తిప్పి. నామీద ఏదో కసి అనుకుని ఏడ్చాను కూడా. తర్వాత తెలిసింది, పైన అద్దం బిగిస్తుంటే కింద అడుగు చప్పుడుకి కూడా అది అదురుతుందట. మనుషుల మీద కోపంతో కాదు, అద్దాల మీద ప్రేమతో అనేదన్నమాట. నాకప్పుడు అదింకా కష్టంగా తోచింది, అది వేరే సంగతి.

ఎక్కడున్నాను? ఆఁ, కిటికీ. ఆ కిటికీలోంచి రేవు గోడ దాటి సముద్రం అంచు కనిపించేది, కత్తితో గీసినట్టు. యంత్రం సరిగా ఉందో లేదో అక్కడే చూసేది. చెయ్యి సున్నా మీద పెట్టి ఆ అంచుని చూడాలి. రెండు సగాల్లోనూ గీత ఒక్కటిగా కలిసిపోతే తప్పు లేనట్టు. మధ్యలో విరిగి మెట్టులా కనిపిస్తే తప్పున్నట్టు. ఎంత ఉందో కొలిచి, ఒక చీటీ మీద రాసి, పెట్టె మూత లోపల అంటించాలి. 'మూడు ఎక్కువ', 'రెండు తక్కువ', అలాగ. ఓడలోవాడు ఆ చీటీ చూసి తన లెక్కలో అంత తీసేసుకుంటాడు, లేకపోతే కలుపుకుంటాడు. అద్దం వెనక బుల్లి మరలుంటాయి, వాటిని తిప్పి తప్పుని పూర్తిగా తీసెయ్యొచ్చు కూడా. కానీ మర ముట్టుకుంటే మాత్రం చీటీ మార్చి తీరాలి. పాతది కొట్టేసి, కొత్తది రాసి, తేదీ వెయ్యాలి. అది ఆ కొట్టు నియమం. మామగారు పెట్టింది. ఓడలోవాడు కూడా సూర్యుణ్ణి చూసే ముందు ప్రతిసారీ సముద్రం అంచుతో ఓసారి సరిచూసుకోవాలి. అది వాళ్ళ నియమం. రెండు నియమాలు ఎందుకంటే, ఒకళ్ళు మర్చిపోయినా ఇంకొకళ్ళు పట్టుకుంటారని. ఇద్దరూ ఒకేసారి మర్చిపోతారా అని ఎవరూ అనుకోలేదు.

మీ తాతయ్య యంత్రం వాళ్ళ తాతగారి నాటిది. నువ్వు చూసిందానికన్నా పాతదయ్యుంటుంది. ఇత్తడి నల్లబడి, పిడి చెయ్యి తగిలి తగిలి నున్నగా ఉండేది. దానికి ఆరు గీతల తప్పు. మామగారు దాన్ని తియ్యలేదు. తీయడం రాక కాదు. మర పాతదైపోయింది, ఊరికే కదిలిస్తే వదులవుతుంది, స్థిరంగా ఉన్న ఆరుని పోగొట్టుకుని రోజుకో అంకె తెచ్చుకోవడమెందుకు అనేవారట. 'ఆరు ఎక్కువ. తీసెయ్యి' అని చీటీ రాసి అంటించారు. ఆయన చివరిగా రాసిన చీటీ అదే. ఆ వారమే మంచం పట్టారు. మీ తాతయ్య అప్పటికి ఓడలో రెండో మేటు. రెండో మేటంటే మిట్టమధ్యాహ్నం సూర్యుణ్ణి చూసి, ఓడ ఎక్కడుందో పటం మీద గుర్తు పెట్టి కెప్టెనుకి చూపించేవాడు. కొన్నేళ్ళపాటు ప్రతిరోజూ సరిచూసుకున్నారు. ప్రతిరోజూ ఆరే. తర్వాత్తర్వాత చూడ్డం మానేశారు. నన్నడిగితే ఏమనేవారో తెలుసా? 'ఆరు నాకు మా నాన్న పేరు గుర్తున్నట్టు గుర్తుంది, దాన్ని రోజూ అడిగి తెలుసుకోవాలా?' అనేవారు. కొత్త పెళ్ళాన్ని కదా, నాకది గొప్ప మాటలా వినపడింది.

ఓసారి ఆయన పదిరోజులు సెలవు మీద ఇంట్లో ఉన్నారు. యంత్రం మేడ మీద పెట్టి, 'ఉప్పు పట్టింది, తుడిచి పెట్టమ్మా. ఇంకేం ముట్టుకోకు' అన్నారు. ఆ చివరి మాట ఎందుకన్నారో మరి. ఆవిడ తల కూడా ఎత్తలేదు. ఇక్కడ ఇంకో మనిషి వస్తాడు చూడు. ఓడలకి సరుకులిచ్చే కొట్టాయన. పేటంతా రేడియో అనేది ఆయన్ని. తిప్పక్కర్లేదు, ఆపడానికీ లేదు. మేడ మెట్లు ఎక్కుతూనే మొదలుపెట్టేవాడు. 'అద్దాలమ్మగారూ, విన్నారా? మీ అబ్బాయి ఓడలో ఆయనకి పైవాడు, చీఫ్ మేటు లేడూ, ఆ పొట్టాయన, భోజనాల బల్ల దగ్గర ఏమన్నాడో తెలుసా? తల్లేమో ఊళ్ళోవాళ్ళ అద్దాలన్నీ సరిచేస్తుంది, కొడుకు అద్దం మాత్రం వంకర అన్నాడట! ఒకటే నవ్వులట! నేనైతే అక్కడ ఉంటేనా...' ఆయన అక్కడుంటే అందరికన్నా గట్టిగా నవ్వేవాడు. అత్తగారు ఏమంది? 'తలుపు మెల్లగా వేసి వెళ్ళండి' అంది. ఆ మధ్యాహ్నమే మర తిప్పింది. మొదటిసారి.

అదేం గొప్ప పని కాదు, తల్లీ. తాళంచెవిలాంటి బుల్లి పరికరం ఉంటుంది, దాన్ని మర తల మీద పెట్టి ఇంత, గోరంత తిప్పడం. కిటికీలోంచి చూసి, గీత కలిసేదాకా మళ్ళీ ఇంత. కలిసిపోయింది. సున్నా. ఎన్నాళ్ళ నించో విరిగి ఉన్న గీత అతుక్కుపోతే ఎలా ఉంటుందో నాక్కూడా చూపించింది, 'రా అమ్మాయ్, చూడు' అని. ఆవిడ ముఖంలో నవ్వు చూడ్డం నాకదే మొదలు. తర్వాత చీటీ మార్చాలి కదా. కలం తీసింది. సిరాలో ముంచింది. మూత తెరిచి కూర్చుంది. కూర్చుంది, కూర్చుంది, సిరా ఆరిపోయింది. మళ్ళీ ముంచింది. అది మామగారి రాత. ఆరు అంకెకి తోక పొడుగ్గా లాగేవారు ఆయన. దాన్ని కొట్టెయ్యాలి. చెయ్యి రాలేదు. కలం తుడిచి పెట్టేసి మూత వేసేసింది. కొడుక్కి నోటితో చెప్పొచ్చుగా అంటావు. చెప్పాలనే అనుకుంది. మర్నాడు పొద్దున్నే ఓడ ముందే బయల్దేరుతోందని కబురొచ్చింది, ఆయన సగం గడ్డంతో పరిగెత్తారు. పైగా ఆవిడకి ఒక ముచ్చట కూడా ఉంది. ఇది నాకు చాలా ఏళ్ళకి చెప్పింది. ఎలాగూ సూర్యుణ్ణి చూసే ముందు సరిచూసుకుంటాడు కదా, గీత కలిసిపోయి ఉండడం చూసి ఆశ్చర్యపోతాడు కదా, నవ్వుకుంటాడు కదా, 'అమ్మా, పట్టేశాను' అని ఉత్తరం రాస్తాడు కదా అనుకుందట. ఆ ఉత్తరం కోసం చూసింది. కొడుకు సరిచూసుకోవడం మానేశాడని ఆవిడకి తెలీదు. నాకు తెలుసు. ఆరు గొప్పగా గుర్తుందని విని మురిసిపోయినదాన్ని నేనే కదా.

ఉత్తరం బదులు కబురొచ్చింది. ఓడ ఇసుక మేట ఎక్కేసింది. పట్టపగలు, నాలుగు గంటలకి, గాలీ వానా ఏమీ లేకుండా. ఏమయ్యుంటుందో నీకీపాటికి తెలిసే ఉంటుంది. యంత్రం సరైన అంకే చూపించింది. ఆయన అలవాటుగా అందులోంచి ఆరు తీసేశారు. ఓడ నిజంగా ఉన్నచోటికి ఆరు మైళ్ళు ఉత్తరాన ఉందని గుర్తు పెట్టారు. దక్షిణాన ఇసుక మేట ఉందని అందరికీ తెలుసు, చాలా దూరంలో ఉందనుకుని కెప్టెను ఆ గుర్తుని బట్టి దారి చెప్పాడు. మనిషెవడూ పోలేదు. వంటవాడి మోచెయ్యి విరిగింది. సరుకు సగం తడిసింది. రెండ్రోజుల తర్వాత పెద్ద పోటు వచ్చినప్పుడు లాగి బయటపడేశారు. మన రేడియో చెప్పిన లెక్కలో పదిమంది పోయారు, ఓడ రెండు ముక్కలైంది. మీ తాతయ్య వచ్చి గుమ్మంలో నిలబడేదాకా ఆవిడ మేడ దిగలేదు, నేను మేడ ఎక్కలేదు.

ఇంటికొచ్చారు, స్నానం చేశారు, అన్నం తిన్నారు. విచారణ అయ్యేదాకా ఓడ ఎక్కకూడదన్నారట. సర్టిఫికెట్టు రేవు ఆఫీసులో పెట్టేసుకున్నారు. అదే ఆయన జీవితం. ఆ కాగితం పోతే ఇంకో పని రాదు ఆయనకి, మేకు కొట్టమంటే వేలు కొట్టుకునే మనిషి. యంత్రం కూడా పెట్టెతో సహా వాళ్ళ దగ్గరే ఉంది. తల్లితో ఒక్క ముక్క అనలేదు. మెట్ల మీద కూర్చుని చెప్పులు పాలిష్ చేసేవారు. ఉన్న రెండు జతలూ రోజూ చేసేవారు. మూడో రోజు నాతో అన్నారు, మెల్లగా, పైకి వినపడకుండా. 'ఇసుక మీద కూర్చున్నాక సరిచూశాను. సున్నా వచ్చింది.' 'అమ్మతో అనకు' అన్నారు. 'విచారణలో అడిగితే ఏం చెప్తారు?' అన్నాను. 'చూసుకోలేదని చెప్తాను. చూసుకోలేదు కదా' అన్నారు. అంతే. మర ఎవరు తిప్పారో అన్న మాటే ఆయన నోటమ్మట రాలేదు. ఊళ్ళో ఆ మర తిప్పగలిగిన చెయ్యి ఒక్కటే ఉంది, ఇంక అనేదేముంది.

ఇప్పుడు విను. రేవు ఆఫీసుకి ఇలాంటి యంత్రాలు పరీక్ష చేయించాలంటే మా కొట్టే గతి. ఎప్పటి నుంచో అలవాటు. ఎవరు ఏమీ ఆలోచించకుండా పంపారో ఏమో, ఒక మధ్యాహ్నం జవాను లక్క సీలు వేసిన పెట్టె తెచ్చి మేడ మీద పెట్టాడు. 'ఈ పరికరమును పరీక్షించి, ఇందలి దోషమెంతయో వ్రాసి పంపగోరుచున్నాము.' అత్తగారు పెట్టె చూడగానే గుర్తుపట్టింది. 'ఇది ఎవరిదో మీ ఆఫీసరుగారికి తెలుసా?' అంది. 'నాకు నంబరు తెలుసమ్మా, పేరుతో నాకేం పని. రేపు పదింటికి వస్తాను' అన్నాడు వాడు. వెళ్ళిపోయాడు. నేను కిటికీ పక్కన బట్టలు మడత పెడుతున్నాను. ఆవిడ సీలు తీసింది. యంత్రం కిటికీలో పట్టుకుంది. చాలాసేపు చూసింది. సున్నా ఉందని చూడక్కర్లేకుండానే తెలుసు కదా, అయినా చూసింది. 'అమ్మాయ్, కింద ఎవరో పిలుస్తున్నట్టుంది' అంది. ఎవరూ పిలవలేదు. నేను లేచాను. మెట్ల మలుపు దగ్గర వెనక్కి చూశాను, ఆవిడ మోచెయ్యి కనిపించింది, గోరంత కదిలింది. గీత మళ్ళీ విరగ్గొట్టింది. ఆరు. ఇప్పుడు చీటీలో ఆరు, యంత్రంలో ఆరు, కొడుకు తీసేసిన ఆరు, అన్నీ అతికినట్టు సరిపోతాయి. కొడుకు లెక్క నిక్షేపంగా ఉన్నట్టు. సర్టిఫికెట్టు దక్కుతుంది. మరి ఓడ ఇసుక ఎందుకెక్కిందంటే, ఏ ప్రవాహమో లాగిందనుకుంటారు, సముద్రం వచ్చి నేను కాదని చెప్పదు కదా. కెప్టెను సంగతి ఆవిడకి ఆ నిమిషంలో తోచలేదు. తోచినా ఏం చేసేదో నాకు తెలీదు.

నేను? నేనేం చేశానా? నాకు ఇటు సంగతీ తెలుసు, అటు సంగతీ తెలుసు. ఆయన సున్నా అని చెప్పబోతున్నారని ఆవిడకి చెప్పలేదు. ఆవిడ ఆరు చేసిందని ఆయనకి చెప్పలేదు. ఒకరు అనొద్దన్నారు, ఇంకొకరు చూడొద్దన్నారు. ఆయన ఉద్యోగం నిలబడుతుందన్న ఆశ కూడా ఉంది, ఎందుకు దాచాలి. కింద కూర్చుని కూరగాయలు తరిగాను. కావలసినదానికన్నా ఎక్కువ తరిగేశాను. మర్నాడు పదింటికి జవాను వచ్చి పెట్టె, కాగితం తీసుకుపోయాడు.

విచారణ రేవు ఆఫీసు మేడ మీద హాల్లో. పొడుగు బల్ల, దాని వెనక ముక్కుపొడుం ఆఫీసరు, పక్కన రాసుకునే గుమస్తా. పైన పంకా తిరుగుతుంటే కాగితాల మీద సీసపు ముక్కలు పెట్టారు. మేం ఆడవాళ్ళిద్దరం గోడ పక్క బల్ల మీద. కెప్టెను ముందు వరసలో, టోపీ ఒళ్ళో పెట్టుకుని. ముసలాయన, ఇంకో ఏడాదిలో దిగిపోయేవాడు. మీ తాతయ్యని లేపారు. 'ఆ రోజు యంత్రంలో తప్పెంతో సరిచూసుకున్నావా?' 'లేదండి. చీటీలో ఆరుంది, ఆరు తీసేశాను.' 'తర్వాతెప్పుడైనా చూశావా?' 'ఇసుక ఎక్కాక చూశానండి. సున్నా వచ్చింది.' నా పక్కన అత్తగారు బల్ల అంచు గోటితో గీకింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ... సరే. ఆఫీసరు కవరు చింపాడు. చదివాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. 'ఇదేమిటయ్యా? చీటీలో ఆరు. పరీక్ష చేసినవాళ్ళ కాగితంలో ఆరు. నీ ఒక్కడికే సున్నానా? ఉద్యోగం పోగొట్టుకోడానికి అంత తొందరపడేవాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు!' హాలంతా నవ్వింది. రేడియో అందరికన్నా గట్టిగా. మీ తాతయ్య నవ్వలేదు. మెల్లగా తల తిప్పి తల్లి వైపు చూశారు. ఎంతసేపని? ఓ రెప్పపాటు. అంతలోనే అన్నారు, 'నేనే సరిగా చూసి ఉండనండి. చేతులు వణికాయేమో. ఆవిడ చూపు తప్పదు.'

చూశావా, ఆయన ఏం చేశారో? దొంగ కాగితం రాసిందని తల్లి మీదకి రాకూడదని, తను చూసిన నిజాన్ని తనే మింగేశారు. ఆఫీసరు గుమస్తాతో రాసుకోమన్నాడు. తర్వాత కెప్టెను వైపు తిరిగాడు. 'మేటు లెక్క సరైనదేనని తేలింది. మరి దారి చెప్పింది మీరు. ఓడ ఇసుక మీదకి ఎలా వెళ్ళిందంటారు?' ముసలాయన లేచాడు. 'ముప్ఫై ఎనిమిదేళ్ళుగా...' అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఆ మాటతో ఏం తేలుతుందని తోచినట్టుంది. 'ప్రవాహం ఉండుంటుంది. నేను చూసుకోవాల్సింది' అన్నాడు. 'అయితే ఒప్పుకుంటున్నారు.' 'ఏం ఒప్పుకోవాలో నాకు తెలీదండి. రాసుకోండి.' కూర్చుని టోపీ మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు. అప్పుడు లేచింది అత్తగారు. ఎవరూ పిలవలేదు. 'వాడు చూసింది సున్నాయే' అంది. గొంతు పెద్దది కాదు, పంకా ఆపితే గాని వినపడదు. 'ఏమన్నారమ్మా?' 'వాడు సున్నా చూశాడు. నిజమే చూశాడు. మర తిప్పింది నేను.' 'ఎప్పుడు తిప్పారు?' 'రెండుసార్లు' అంది.

నవ్వు ఆగిపోయింది. రేడియో కూడా నోరు మూసుకున్నాడు, పేటలో దాన్ని తర్వాత చాలా రోజులు చెప్పుకున్నారు. ఆఫీసరు ఒక్కొక్కటీ అడిగాడు, ఆవిడ ఒక్కొక్కటీ చెప్పింది. మొదటిసారి ఎందుకు తిప్పారంటే, 'వంకర అన్నారు' అంది. రెండోసారి ఎందుకంటే, 'నా కొడుకు' అంది. 'మొదటిసారి తిప్పినప్పుడే చీటీ మార్చి ఉంటే ఇదేదీ జరిగేది కాదు కదమ్మా. మీ కొట్టు నియమమే కదా అది. ఎందుకు మార్చలేదు?' మళ్ళీ అడిగాడు. 'అది ఆయన రాత' అంది. 'ఎవరి రాత? దానికేం?' ఆవిడ ఇంక నోరు విప్పలేదు. గుమస్తా కలం ఎత్తి పట్టుకుని చూస్తున్నాడు. ఆఫీసరు కాసేపు ముక్కుపొడుం డబ్బా తిప్పాడు. 'కారణం చెప్పలేదని రాసుకో' అన్నాడు.

ఏమైందా? మీ తాతయ్యని రెండేళ్ళు ఓడ ఎక్కొద్దన్నారు, సరిచూసుకోనందుకు. కెప్టెను మీద ఏమీ రాయలేదు. రేవు ఆఫీసు మా కొట్టు పేరు కొట్టేసింది. దొంగ కాగితానికి కేసు పెడతారని రేడియో చెప్పాడు గాని పెట్టలేదు. బయటికొస్తుంటే కెప్టెను టోపీ పెట్టుకుని మమ్మల్ని దాటుకుంటూ వెళ్ళిపోయాడు. ఓడలవాళ్ళు మాత్రం రావడం మానలేదు. నలుగురి ముందు తప్పు ఒప్పుకున్న చెయ్యి కదా అని కొందరొచ్చారు, వేరే గతి లేక ఇంకొందరొచ్చారు. ఆ రెండేళ్ళూ ఆయన మేడ మీద పెట్టెలకి మడతబందులు బిగించారు. వేళ్ళు కొట్టుకున్నారు. తల్లీ కొడుకూ ఒకే బల్ల దగ్గర, అటొకరూ ఇటొకరూ. విచారణ గురించి ఒక్కనాడూ మాట్లాడుకోలేదు. నాతో ఒకసారి అంది ఆవిడ. జ్వరంతో ఉంది, నేను తడిగుడ్డ వేస్తున్నాను. 'రెండోసారి తిప్పినప్పుడు, ఆ అబద్ధం నా ఒక్కదానిదే అనుకున్నానమ్మాయ్. వాడూ ఒకటి ఆడాల్సొస్తుందని నాకు తోచలేదు' అంది. 'నీకు అప్పుడే తెలుసు కదూ?' అంది. తెలుసన్నాను. కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత నన్ను మెట్లు మెల్లగా ఎక్కమని ఎప్పుడూ అనలేదు. అననందుకు నాకేం సంతోషం కలగలేదు.

రెండేళ్ళయ్యాక సర్టిఫికెట్టు తిరిగిచ్చారు. వాళ్ళ తాతగారి యంత్రం విచారణ తర్వాత మళ్ళీ చేతికి రాలేదు, అడగనూ లేదు. ఎవరి దగ్గరో ఒక నల్లది తీసుకున్నారు, పాతదే. ఓడ ఎక్కే రోజు పొద్దున దాన్ని తెచ్చి బల్ల మీద తల్లి ముందు పెట్టారు. బుల్లి పరికరం కూడా పక్కనే పెట్టారు. 'చూడమ్మా' అన్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆవిడ చేతులు ఒళ్ళోంచి తియ్యలేదు. 'నువ్వే చూసుకో' అంది. ఆయన యంత్రం తీసుకుని కిటికీ దగ్గరికెళ్ళారు. ఎండ బాగా వచ్చేసింది అప్పటికి. చూశారు. దించి, మళ్ళీ చూశారు. 'రెండు' అన్నారు. 'ఎక్కువా, తక్కువా?' అంది, తల ఎత్తకుండానే. 'ఎక్కువ.' ఆవిడ బల్ల మీది ఆ బుల్లి పరికరాన్ని తీసి సొరుగులో పడేసి, సొరుగు మూసేసింది.

'ఉండనీ' అంది.

సరే, లే. కాళ్ళు తిమ్మిరెక్కాయి, కాస్త చెయ్యందుకో.